వేటగాని పశ్చాత్తాపము

చేసిన తప్పును ఒప్పుకొనుట కష్టము. ఒప్పుకొనుటకు తనకు పట్టిన కాలమును దాచక చెప్పుట అంతకంటెను కష్టము. దశరథ మహారాజు యౌవనమున సరయూతీరమున వేటాడుచు, కడవలో నీరు నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి, చీకటిలో బాణము విడిచి మునికుమారుని చంపెను. ఆ మాటను అతడు కౌసల్యతో చెప్పినది కొడుకు అడవికి పోయిన తరువాత, తన ప్రాణము పోవుచున్న రాత్రి. వేట రాజులకు దోషము కాదను లోకములో పెరిగినవానికి తన వేటను తానే దోషమని చెప్పుటకు ఒక జీవితకాలము పట్టినది. ఆ ఆలస్యమును వాల్మీకి దాచలేదు. దాచకపోవుటచేతనే ఆ ఘట్టము నేటికిని మన మనస్సులను కలచివేయుచున్నది.

ఈ కథను ముందుగా జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. ఇట్టి ఒప్పుకోలే ప్రాణముగా గల అమెరికా గ్రంథమొకటి ఈ విమర్శకు విషయము. ఆల్డో లియోపోల్డు రచించిన ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ అను వ్యాససంపుటము 1949లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారిచే ప్రకటింపబడెను. తెలుగున దానిని ‘ఇసుకసీమ పంచాంగము’ అనవచ్చును. నాటినుండి ఇరువది లక్షలకు మించిన ప్రతులు చెల్లినవి. పెక్కు భాషలలోనికి పరివర్తనము నొందినది. భూసంరక్షణమును గూర్చి మాటలాడువారు దీనిని ప్రమాణగ్రంథముగా నెన్నుచున్నారు. ఇట్టి గ్రంథమునకు మఱియొక పొగడ్తను చేర్చుటవలన ప్రయోజనము లేదు. గ్రంథకర్త తన జీవితమునుండి ఏమి చెప్పెను, ఏమి చెప్పక విడిచెను, విడిచినదానివలన చదువరికి కలిగిన నష్టమేమి అను మూడు ప్రశ్నలను మాత్రము ఇచ్చట విచారింతుము.

లియోపోల్డు 1887లో అయోవా రాష్ట్రమున మిసిసిపీ నదీతీరమందలి బర్లింగ్టను పట్టణమున జన్మించెను. తండ్రి వ్రాతబల్లలను చేయించి అమ్ము వర్తకుడు, వేటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. వసంతకాలమున నీటిపక్షులు గూళ్ళు కట్టుకొనుటకై ఉత్తరమునకు పోవునప్పుడు వానిని కొట్టుట న్యాయము కాదని తలచి, చట్టము నిషేధింపక పూర్వమే ఆ వేటను తనంతట తాను మానుకొనిన మనుష్యుడు. కుమారుడు యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి, 1909లో ప్రభుత్వ అటవీశాఖయందు చేరి అరిజోనా కొండలకు పోయెను. 1912లో న్యూ మెక్సికో సీమకు చెందిన ఎస్టెల్లా బెర్జేరు అను కన్యను వివాహమాడెను. వారికి ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుండ్రు కలిగిరి. గీలా అరణ్యములో పెద్దభాగమును బాటలు వేయక యథాస్థితిలో నుంచవలెనని అతడు చేసిన యత్నము 1924లో ఫలించెను. ఆ సంవత్సరమే విస్కాన్సిన్ రాష్ట్రమునకు మారి, 1933లో అచ్చటి విశ్వవిద్యాలయమున వన్యమృగ నిర్వహణశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను.

1935లో ఆ కుటుంబము విస్కాన్సిన్ నది చేరువను ఒక పొలమును కొనెను. అది దున్ని దున్ని సారము చచ్చి, యజమానునిచే విడిచిపెట్టబడిన ఇసుకనేల. ఉండుటకు ఇల్లు లేదు, అదివరకే కాలిపోయెను. మిగిలియుండినది ఒక కోళ్ళకొట్టము. తల్లిదండ్రులును బిడ్డలును కలసి దానిలోని పెంటను ఎత్తిపోసి, చీలికలను పూడ్చి, దానినే నివాసముగా చేసికొనిరి. సెలవుదినములందు పట్టణమునుండి అచ్చటికి పోవుట, ప్రతి వసంతమునందును పైన్ మొక్కలను నాటుట వారికి వాడుకయయ్యెను. 1936లో నాటినవానిలో చాలభాగము ఆ యేటి అనావృష్టికి మాడిపోయెను. మరుసటి వసంతమున మరల నాటిరి. ఇట్లు వేలకొలది మొక్కలు వారి చేతులమీదుగా నేలలో పాతుకొనెను. ఈ పొలమునందు జనవరి మొదలు డిశంబరువఱకు తాను చూచినదానిని నెలవారీగా చెప్పుట గ్రంథములో మొదటి భాగము. తాను పూర్వము పనిచేసిన, వేటాడిన దేశములను గూర్చి చెప్పుట రెండవది. వానినుండి తేలిన సిద్ధాంతములను చెప్పుట మూడవది.

ఈ వ్యాసములను ప్రచురణకర్తలు మొదట త్రోసిపుచ్చిరి. 1948 ఏప్రిల్ మధ్యను అంగీకారవార్త వచ్చినది. వారము దినములు గడచునంతలో, ఏప్రిల్ 21వ తేదీని, పొరుగువాని పొలమున గడ్డికి నిప్పంటుకొనగా ఆర్పబోయి, లియోపోల్డు గుండె ఆగి మరణించెను. అప్పటికి అతని వయస్సు 61 సంవత్సరములు. కుమారుడు లూనా మిత్రుల సాహాయ్యమున ప్రతిని సరిచూచి అచ్చు వేయించెను. కనుక ఈ గ్రంథము పుట్టుకయందు గూడ కుటుంబమునకు భాగము కలదు.

మొదట గుణములు చెప్పుదము. వేటను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు దోషములలో ఏదో ఒకదానిలో పడుదురు. కొందఱు చంపుటను పరాక్రమముగా వర్ణింతురు. కొందఱు చంపుటను తెరవెనుకకు నెట్టి అడవి సౌందర్యమును మాత్రము వర్ణింతురు. లియోపోల్డు ఈ రెంటికిని లొంగలేదు. బాల్యమున తాను కొట్టిన మొదటి బాతును గూర్చి ఒక చిన్న వ్యాసము కలదు. చెఱువంతయు గడ్డకట్టియుండగా ఒక్కచోట మాత్రము నీరు కనబడుచుండెను. ఆ నీటికి ఏదో ఒక బాతు దిగకపోదని బాలుడు సాయంకాలమువఱకు చలిలో కూర్చుండెను. ప్రొద్దు గ్రుంకువేళ ఒంటరి బాతు దిగెను, తుపాకి ప్రేలెను, మంచుమీద పడిన ఆ పక్షి ఎఱ్ఱని కాళ్ళు కొట్టుకొనుచుండెను. ఆ సంతోషమును తాను మఱువలేదనియు, ఆ కాళ్ళను గూడ మఱువలేదనియు గ్రంథకర్త ఒక్క యూపిరితో చెప్పును. ఒకదానిచే మఱియొకదానిని కప్పిపుచ్చడు.

ఆ వ్యాసములోనే తండ్రి విధించిన నియమమొకటి కలదు. కౌజుపిట్టలను కొట్టవచ్చును గాని చెట్టుమీద కూర్చున్నవానిని కొట్టరాదు, ఎగురునప్పుడే కొట్టవలెను. కుక్క తఱిమిన పిట్ట చెట్టెక్కి కదలక కూర్చుండును. కొట్టినచో తప్పక పడును. చూచువాడెవ్వడును లేడు. అయినను బాలుడు తుపాకి దించెను. తనకు నీతి తెలిసినది ఆ చెట్టుక్రిందనే అని అతడు పెద్దవాడైన పిదప గ్రహించెను. వేటగానికి చప్పట్లు కొట్టు సభ యుండదు, తప్పు పట్టు న్యాయాధిపతి యుండడు, అతని మనస్సాక్షియే అతనికి సాక్షి అని మూడవ భాగమున చేసిన సిద్ధాంతమునకు మూలము ఇదియే. నీతిని బోధించు గ్రంథములు మనకు వేలు కలవు. ఒకానొక నీతి ఒకానొక బాలుని చేతిలోనికి ఏ దినమున ఎట్లు వచ్చెనో చెప్పు గ్రంథములు మిక్కిలి తక్కువ.

ఇచ్చట మనవారిలో అహింసాపరులు ఒక ప్రశ్న వేయుదురు. ప్రాణుల బాధ ఎఱిగినవాడు తుపాకిని ఏల విడువలేదు? అది న్యాయమైన ప్రశ్న. లియోపోల్డు చివరివఱకు వేటాడెను. విల్లమ్ములను తన చేతులతో చేసికొని, భార్యకును బిడ్డలకును విలువిద్య నేర్పించెను. అతని పశ్చాత్తాపము చంపుటను గూర్చినది కాదు. తెలియక చంపుటను గూర్చినది, మిగులకుండ చంపుటను గూర్చినది. తన కొడుకులకు వేటజ్వరము వారసత్వముగా వచ్చెను గాని వేటాడుటకు పక్షులు మిగులునా అని అతడు మఱియొక వ్యాసమున చింతించెను. ఆ వ్యాసము 1953లో వేరొక సంపుటమున అచ్చుపడినది. ఈ సమాధానము అందఱికిని తృప్తి కలిగింపకపోవచ్చును. అయినను అతడు లేని దయను నటింపలేదు. అహింసను నోట చెప్పుచు అడవిని వంటచెఱకుగా వాడుకొను మనుష్యునికంటె, వేటను ఒప్పుకొని అడవిని నాటు మనుష్యునివలన లేళ్ళకు మేలు కలుగునని మా అభిప్రాయము.

ఇక దోషములు. ఫిబ్రవరి నెలకు చెందిన వ్యాసమున పిడుగుపడి చచ్చిన ఓక్ చెట్టును కోయుట వర్ణింపబడినది. ఇరువైపుల ఇద్దఱు పట్టి లాగవలసిన ఱంపము చెట్టు వలయములను ఒక్కొక్కదానినే కోయుచు ఎనుబది సంవత్సరములు వెనుకకు పోవును. ఏ వలయమున ఏ చట్టము పుట్టెను, ఏ పక్షి నశించెను, ఏ అడవి కాలెను అని చెప్పుచు 1865వఱకు నడుచును. చరిత్రను ఱంపపుపొట్టుగా రాల్చి చూపిన ఈ కల్పన మనోహరమైనది. కాని ఱంపమునకు రెండవ పిడి కలదు గదా! అది పట్టినవా రెవ్వరు? గ్రంథము ‘మేము’ అని ఊరకుండును. అంకితపత్రమున ఎస్టెల్లా పేరు ప్రేమతో వ్రాయబడినది. లోపలి పుటలలో మాత్రము ఆమె ఆ ‘మేము’ అను మాటలో కలిసిపోయెను. తెల్లవాఱుజామున పొలము సరిహద్దులు చూచుటకు పోవునప్పుడు వెంటవచ్చు కుక్కకు దొరకిన చోటు, కోళ్ళకొట్టమును ఇల్లుగా చేసి, మాడిన మొక్కలస్థానమున మరల మొక్కలు నాటిన ఇల్లాలికి దొరకలేదు. ఇది ఆ కాలపు పురుషుల వ్రాతలలో సామాన్య దోషమే. అయినను కుటుంబమందఱి కష్టముచే బ్రదికిన నేలను గూర్చిన గ్రంథమున ఆ లోటు ఎక్కువగా కనబడుచున్నది.

ఆ వలయములలోనే మఱియొక లోటు కలదు. ఆ దేశము పూర్వము హో-చంక్ అను జాతివారిది. 1837 నాటి సంధిపత్రముచే వారి భూమి పోయెను. పోయినను వారు మరల మరల తమ నేలకు వచ్చుచుండిరి. 1873, 74 సంవత్సరములలో ప్రభుత్వమువారు వారిని పట్టి నెబ్రాస్కాకు పంపిరి. ఈ సంగతి ఆ చెట్టు బ్రదికియున్న కాలమునందే జరిగెను. ఱంపము ఆ వలయమును గూడ కోసినది. అందులోనుండి పక్షుల కథ రాలినది గాని మనుష్యుల కథ రాలలేదు.

గ్రంథమునకు శిఖరమనదగినది ‘పర్వతమువలె ఆలోచించుట’ అను వ్యాసము. యువకుడైన లియోపోల్డును తోడివారును అరిజోనాలో ఒక గట్టుమీద కూర్చుండి మధ్యాహ్నభోజనము చేయుచుండిరి. క్రింద ఏటిని దాటుచున్న జంతువును చూచి లేడి అనుకొనిరి. ఒడ్డెక్కిన పిదప అది తోడేలని తెలిసెను. ఎదిగిన పిల్లలు తోకలాడించుచు ఎదురు వచ్చెను. తోడేలును చంపు అవకాశమును విడుచుట ఆ దినములలో ఎవ్వరును ఎఱుగరు. తుపాకులు ఖాళీ చేసిరి. వారు దిగి చేరునప్పటికి ముసలి తోడేలు కన్నులలో ఒక పచ్చని మంట ఆరిపోవుచుండెను. తోడేళ్ళు తగ్గినకొలది లేళ్ళు హెచ్చుననియు, తోడేళ్ళు లేనిచో ఆ దేశము వేటగాండ్రకు స్వర్గమగుననియు తాను తలచియుంటిననియు, ఆ మంటను చూచినప్పుడు పర్వతమునకు ఆ యభిప్రాయము సమ్మతము కాదని తోచెననియు గ్రంథకర్త చెప్పును. తరువాత తోడేళ్ళు నశించిన కొండలపై లేళ్ళు మితిమీఱి పెరిగి, చిగుళ్ళనన్నిటిని మేసివేసి, తుదకు తామే ఆకలిచే చచ్చుటను వర్ణించును.

ఈ వ్యాసమును చదివి చలింపనివారు అరుదు. మేమును చలించితిమి. అయినను సన్ సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తోడేలు చచ్చినది 1909లో. 1920లో జరిగిన వేటమృగ సంరక్షణ సభలో ఇదే లియోపోల్డు ఉపన్యసించుచు, న్యూ మెక్సికోలో చివరి తోడేలును పట్టుటకు ఓర్పును ధనమును కావలెననియు, ఆ చివరిదానిని గూడ పట్టియే తీరవలెననియు చెప్పెను. పచ్చని మంట ఆరిన పదునొకండవ సంవత్సరమున చెప్పిన మాట యిది! అతని యభిప్రాయము మాఱుట తరువాతి యిరువది సంవత్సరములలో మెల్లమెల్లగా జరిగెను. లేళ్ళచే మేయబడి బోసిపోయిన కొండలను చూచెను. 1935లో జర్మనీకి పోయి, వరుసలు తీర్చి నాటిన అడవులను, మనుష్యులు మేతవేసి పెంచు లేళ్ళను చూచెను. విస్కాన్సిన్‌లో లేళ్ళు హెచ్చి ఆకలిచే చచ్చుటను చూచెను. 1943లో అచ్చటి సంరక్షణ సంఘమున సభ్యుడై, ఆడులేళ్ళను గూడ కొట్టనిచ్చి మందను తగ్గింపవలెనని వాదించి, లోకనిందను పొందెను. వ్యాసము వ్రాసినది 1944లో.

అదియు తనంతట తాను వ్రాసినది కాదు. పూర్వశిష్యుడును చిత్రకారుడునగు ఆల్బర్టు హోఖ్‌బామ్ అనువాడు ఈ వ్యాసములను ప్రతిలో చదివి గురువుతో వాదించెను. అన్యులు చేసిన నాశనమును వర్ణించుచున్నారు గాని అందు మీ పాలును చెప్పరేమి, మీరును ఒకప్పుడు ఈ త్రోవనే నడచినవారు కారా అని అడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఈ వ్యాసము పుట్టెను. గురువు తప్పును గురువునకే చూపిన శిష్యుడును, ఆ మాటను మన్నించి లేఖిని పట్టిన గురువును ఇరువురును కొనియాడదగినవారే. కాని వ్యాసమున ఆ ప్రశ్న లేదు, శిష్యుడు లేడు, 1920 నాటి ఉపన్యాసము లేదు. ముప్పది యైదు సంవత్సరముల నడక ఒక్క చూపుగా కుదించబడెను.

కథకునకు సంక్షేపించు స్వాతంత్ర్యము కలదని కొందఱు సమాధానము చెప్పుదురు. అట్లే యనుకొందము. కాని 1947లో అతడు ఈ గ్రంథమునకు దీర్ఘమైన ముందుమాట యొకటి వ్రాసెను. అందు తన యభిప్రాయములు ఎట్లు మాఱెనో, తోడేళ్ళ నిర్మూలనమున తానెట్లు పాలివాడయ్యెనో, లేళ్ళ పోషణమను పేర తన మనస్సును తానెట్లు సమాధానపఱచుకొనెనో తానే విప్పి చెప్పెను. తరువాత 1948లో దానిని తీసివేసి, పొట్టిదియగు మఱియొక ముందుమాటను చేర్చెను. తీసివేసినది 1987వఱకు అచ్చుపడలేదు. కావున అతనికి ఆ సత్యము తెలియకపోలేదు. చెప్పు ధైర్యము లేకపోలేదు. వ్రాసి చూచి, గ్రంథశిల్పమునకో, చదువరి ఓర్పునకో వెఱచి విడిచిపెట్టెను. రెండవ ముందుమాట అందమైనదే. మొదటిది ఎక్కువ యుపయోగమైనది.

దీనివలన చదువరికి కలిగిన నష్టమేమి? మనస్సు మాఱుట పిడుగువలె ఒక్క క్షణమున జరుగునను భ్రమ కలుగును. అట్టి పిడుగు తనపై పడనివాడు, నాకింకను సమయము రాలేదని కూర్చుండును. సంఘసంస్కరణ చరిత్ర నెఱిగిన తెలుగువారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. బాల్యవివాహము తప్పని సభలో చేయి యెత్తి, ఇంటికి వచ్చి ఎనిమిదేండ్ల కూతునకు ముహూర్తము పెట్టించినవారు మన తాతల కాలమున ఎందఱు లేరు? వారందఱును కపటులు కారు. తెలిసినదానికిని చేయుదానికిని నడుమనున్న పొడవైన బాటలో ఉండినవారు. మనలో చాలమంది ఏదో ఒక విషయమున ఆ బాటలోనే యున్నాము. ఆ బాటలో పదునొకండేండ్లు తప్పుదారిని నడచి, మరలి, పదుగురి నిందకు నిలిచిన మనుష్యుని కథ మనకు కావలెను. లియోపోల్డు జీవితము అట్టి కథయే. అతని వ్యాసము మాత్రము దానికంటె చిన్నది.

మూడవ భాగమందలి ‘భూనీతి’ అను వ్యాసమును గూడ ఈ దృష్టితోనే చూడవలెను. గ్రీకు వీరుడు ఒడిస్సియస్ యుద్ధమునుండి మరలివచ్చి, తన యింట దుష్ప్రవర్తన చేసిరను అనుమానమున పండ్రెండుగురు దాసీలను ఒక్క త్రాటికి ఉరితీయించెను. అది అతనికి పాపముగా తోచలేదు. దాసీలు సొత్తు, సొత్తును గూర్చి లాభనష్టములే గాని ధర్మాధర్మములు లేవు. నాటినుండి నేటివఱకు ధర్మము తన యెల్లలను పెంచుకొనుచు వచ్చెను. అయినను నేల నేటికిని ఆ దాసీలవలె సొత్తుగానే యున్నది. మట్టి, నీరు, చెట్లు, మృగములు కలసిన సమాజమున మనుష్యుడు జేత కాడు, సామాన్య సభ్యుడని ఒప్పుకొనినగాని భూమి నిలువదు. ఇది వ్యాససారము. సొత్తుగా నెంచబడినదానిని ధర్మపరిధిలోనికి తెచ్చుటయే సంస్కరణమని నమ్మువారికి ఇంతకంటె దగ్గఱి మాట లేదు.

ఈ సిద్ధాంతము గాలిలో కట్టినది కాదు. నైరుతి విస్కాన్సిన్‌లో మట్టి కొట్టుకొనిపోవుచుండగా 1933లో ప్రభుత్వమువారు కూలీలను, యంత్రములను ఉచితముగా ఇచ్చి, ఐదేండ్లు కొన్ని పద్ధతులను పాటింపుడని రైతులను కోరిరి. రైతులు ఒప్పుకొనిరి. గడువు తీరగానే, తమకు వెంటనే లాభమిచ్చు పద్ధతులను మాత్రము ఉంచుకొని తక్కినవానిని విడిచిరి. 1937లో రైతులే తమ నియమములను వ్రాసికొనవచ్చునని చట్టము చేసిరి. పది సంవత్సరములు గడచినను ఏ జిల్లావారును ఒక్క నియమమైనను వ్రాయలేదు. ఇచ్చు చేయి ప్రభుత్వముది, పుచ్చుకొను చేయి తనదియని నమ్మువాడు నేలను కాపాడలేడని లియోపోల్డు ఇందుండి నిర్ణయించెను. ఉచిత సాహాయ్యమునకు అలవాటుపడిన ఏ దేశమువారికైనను ఈ పుటలు చదువదగినవి.

ఈ నీతిపై వచ్చిన ఆక్షేపణలు తేలికైనవి కావు. సమాజక్షేమమే ప్రమాణమైనచో ఒంటరి ప్రాణి గతి యేమని, ఇది నియంతృత్వమునకు దారితీయునని జంతువుల హక్కులకై వాదించిన టామ్ రీగన్ 1983లో ఆక్షేపించెను. నిర్జనారణ్యములను కాపాడవలెనను అమెరికా వాదము బీదదేశములకు ఎగుమతియైనచో అడవినమ్మి బ్రదుకు ప్రజల బ్రదుకులకు ముప్పు వాటిల్లునని మన దేశపు చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లో ఒక ప్రసిద్ధ వ్యాసమున చెప్పెను. గుహ మాటకు నిదర్శనమును దూరమున వెదకనక్కఱలేదు. నల్లమలలో విల్లంబులతో బ్రదికిన చెంచులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట నేరమయ్యెను. విస్కాన్సిన్ ఆచార్యునకు వేట వినోదము. మానుటయు మానకుండుటయు తన యిష్టము. చెంచునకు అది కూడు. భూమిపై పట్టాయున్నవాడు భూమికి దాసుడనని చెప్పుకొనుట సులభము. పట్టాయే లేనివానితో ఆ మాటను ఎట్లు చెప్పవలెనో ఈ గ్రంథము నేర్పదు. ఇది గ్రంథకర్త యందలి దుర్బుద్ధి కాదు. అతడు నిలిచిన చోటునుండి అంతవఱకే కనబడెను.

ఇన్ని లోట్లు చెప్పియు ఈ గ్రంథమును చదువుడనియే మేము కోరుచున్నాము. పుస్తకమున చెప్పినదానికి పుస్తకము వెలుపల సాక్ష్యము దొరకుట అరుదు, ఇచ్చట దొరకినది. ఐదుగురు బిడ్డలును ప్రకృతిశాస్త్రములయందు కృషి చేసిరి. వారిలో స్టార్కర్, లూనా, చిన్న ఎస్టెల్లా అను మువ్వురు అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తునకు ఎన్నుకొనబడిరి. తండ్రి 1930లనుండి వ్రాసిపెట్టిన, ఏ పువ్వు ఏ దినమున పూచెను, ఏ పక్షి ఏ దినమున వచ్చెను అను లెక్కలను కూతురు నీనా కొనసాగించెను. ఆ రెండు తరముల లెక్కలను పోల్చి, వసంతచిహ్నములు పెక్కు ఇప్పుడు ముందుగా వచ్చుచున్నవని 1999లో ఆమెయు తోడివారును శాస్త్రపత్రికలో ప్రకటించిరి. ఉపదేశముచే బిడ్డలు మాఱుదురో లేదో చెప్పలేము గాని, తండ్రితో కూడ మొక్క నాటిన బిడ్డలు ఆ నేలను విడువలేదని మాత్రము చెప్పగలము.

దీనిని తెలుగు చేయబూనువారికి ఒక మనవి. 1948 ముందుమాటను తెలిగించి ఊరకుండవలదు. 1947 నాటిదానిని గూడ చేర్పుడు. తోడేలు కన్నులలో మంట ఆరిన పుటకు ఎదురుగా 1920 సంవత్సరమును, 1944 సంవత్సరమును ఒక గమనికగా వేయుడు. దానిచే గ్రంథకర్తకు అపకీర్తి రాదు. ఆలస్యముగా మాఱినవాడును మాఱగలిగినాడని తెలిసి, ఇంకను మాఱని చదువరి సిగ్గుపడక పుస్తకమును చేత పట్టును.